ముభావుల మనస్సు

ముభావియని పేరుపడినవారు ఒక్కరైనను లేని కుటుంబము మనలో అరుదు. పెండ్లిపందిటిలో నలుగురును నవ్వుచు తుళ్ళుచు నుండగా వారొక రాట నానుకొని నిలిచియుందురు. పలుకరించినచో బదులు చెప్పుదురు. అప్పగించిన పని చక్కగానే చేయుదురు. కాని వారికి సంతోషమెప్పుడో, దుఃఖమెప్పుడో కట్టుకొన్నవారికి సైతము తెలియదు. ఇట్టివారిని గూర్చి లోకము ఒక్కమాటలో తీర్పు చెప్పివేయును. గర్వమని కొందరందురు, గుండెకు బదులు రాయి యున్నదని కొందరందురు. ఈ రెండు మాటలును సరికావనియు, ఆ మౌనము వెనుక నున్నది ప్రేమలేమి కాదు, ప్రేమను గూర్చిన భయమనియు గడచిన శతాబ్దమున కొందరు మనోవైద్యులు కనుగొనిరి. వారి సంగతియు, వారిచే చికిత్స పొంది తన కథను తానే వ్రాసిపెట్టిన యొక రోగి సంగతియు సోదరీమణులకు తెలుపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మనోవిశ్లేషణమను చికిత్సకు మూలపురుషుడు వియన్నా నగరమున నివసించిన ఫ్రాయిడు (1856–1939). ఇందు కషాయము లేదు, శస్త్రము లేదు. రోగి నియమితమైన వేళకు వచ్చి, సోఫాపై పరుండి, మనస్సునకు తోచినదెల్ల మంచిచెడ్డలు విచారింపక చెప్పవలెను. వైద్యుడు ఓర్పుతో వినవలెను. కొన్ని నెలలు గడచునప్పటికి ఒక వింత జరుగును. రోగి చిన్ననాట తల్లిదండ్రులయెడ అణచుకొన్న ప్రేమను, కోపమును, అలుకను తనకు తెలియకయే ఆ వైద్యునిపై చూపనారంభించును. ఆ చూపుటయే వైద్యునకు దొరకు దారపుకొస. దానిని పట్టుకొని పాత చిక్కులను విప్పును. ఇది మన దేశమునకును క్రొత్తది కాదు. కలకత్తాలో గిరీంద్రశేఖర బోసుగారు 1922లోనే భారత మనోవిశ్లేషణ సంఘమును స్థాపించిరి.

కాని లోకమునుండి తన మమకారమునంతయు వెనుకకు లాగుకొన్న రోగి వైద్యునిపై మాత్రము ఏమి చూపును? అట్టివారియందు దారపుకొస దొరకదనియు, వారికీ చికిత్స పనికిరాదనియు ఫ్రాయిడు తన 1916–17 నాటి యుపన్యాసములలో చెప్పెను. ఆయన చెప్పినది మతి చలించి లోకముతో సంబంధము తెగిన తీవ్రరోగులను గూర్చి. అంతటి వ్యాధి లేక, ఉద్యోగములు చేయుచు, సంసారములు నడుపుచు, లోపల మాత్రము ఎవ్వరికిని అందక యుండువారు వేరు. ఈ రెండవవారిని గూర్చి లోతుగా ఆలోచించినవాడు ఎడింబరో నగరపు వైద్యుడు ఫెయిర్‌బెర్న్ (1889–1964). లండనులోని పెద్దల వాదములకు దూరముగ, స్కాట్లండులో ఒంటరిగా పనిచేసికొనుటచే గాబోలు, ఆయనకు స్వతంత్రమైన చూపు అబ్బినది.

1940లో ఫెయిర్‌బెర్న్ వ్రాసిన వ్యాసమున చెప్పిన మాట ఇది. పాలకై యేడ్చు పసిబిడ్డకు తల్లి వేరు, పాలు వేరు అను భేదము లేదు. ఆకలికొలది త్రాగి రొమ్ము ఖాళీ యైనపుడు, తన ఆకలియే తల్లిని హరించినదేమో యను భీతి ఆ లేతమనస్సునకు కలుగవచ్చును. తల్లి మరల దగ్గరకు తీసికొని ముద్దాడినచో ఆ భీతి కరగిపోవును. ఏ కారణముచేతనో ఆ తల్లి మనస్సు బిడ్డపై లేనిచో, తన ప్రేమ చెడ్డదని, తాను ప్రేమించినది నశించునని ఆ బిడ్డ నిశ్చయించుకొనును. కోపము చెడ్డదని తలచినవాడు కోపమును అణచుకొని లోకములో మెలగగలడు. ప్రేమయే చెడ్డదని తలచినవానికి దారియేది? తాను ప్రేమింపరాదు, పరులు తన్ను ప్రేమించునట్లును చేసికొనరాదు. కావున తలుపు మూసికొనును. ఆ తలుపు వెనుక ఆకలి మాత్రము చావదు. ఇట్టివారికి ఆయన వాడిన పేరు స్కిజాయిడ్. చీలిక యను అర్థమునిచ్చు గ్రీకు ధాతువునుండి వచ్చిన మాట అది.

వీరి యవస్థకు జర్మను తత్త్వవేత్త షోపెన్‌హౌవర్ 1851లో చెప్పిన ఏదుపందుల కథ సరిగా సరిపోవును. చలికాలమున ఏదుపందులు వెచ్చదనమునకై ఒకదాని నొకటి చేరును; ముండ్లు గ్రుచ్చుకొని దూరముగ జరుగును; చలికి తాళలేక మరల చేరును. ముభావి భార్యబిడ్డలకు దగ్గరయైనచో తాను మ్రింగబడుచున్నట్లు ఉక్కిరిబిక్కిరి యగును. దూరముగ పోయినచో అనాథయై కుములును. ఇంటివారికి కనబడునది మాత్రము ఉండియుండి కారణము లేకయే ముఖము త్రిప్పుకొనుటయే.

ఇది చదువుచుండగా నాకు భాగవతము పంచమస్కంధములోని జడభరతుడు జ్ఞప్తికి వచ్చెను. రాజ్యమును త్యజించి తపస్సు చేయుచున్న భరతుడు తల్లిలేని లేడికూనను పెంచి, దానిపై మమకారముచే తపస్సు మరచి, లేడియై పుట్టెను. ఆ పై జన్మమున బ్రాహ్మణగృహమున పుట్టినపుడు, పూర్వస్మృతి యుండుటచే, మరల ఎవరియందును తగులుకొందునేమో యను వెఱపుతో జడునివలె, మూగవానివలె సంచరించెను. ప్రేమించి నష్టపోయినవాడు నోరు మూసికొనుట మన పురాణములకును తెలిసిన విషయమే. ఐతే భరతునిది తెలివితో పట్టిన వ్రతము. ముభావిది తాను కోరి తెచ్చుకొన్నది కాదు. ఎప్పుడు తలుపు వేసికొనెనో ఆతనికే తెలియదు. ఇంకొక విశేషము. రహూగణుడు పల్లకిలో కూర్చుండి గద్దించినంతసేపు ఆతనికి భరతుని తత్త్వము తెలియలేదు. పల్లకి దిగి, నమస్కరించి, నీవెవ్వడవని అడిగినపుడు గదా ఆ మహాత్ముడు మనసు విప్పినది!

ఇక రోగి కథ. హ్యారీ గంట్రిప్ (1901–1975) ఇంగ్లండు దేశీయుడు. మొదట లీడ్సు నగరమున క్రైస్తవ మతబోధకుడుగా నుండి, తరువాత అక్కడి విశ్వవిద్యాలయపు మానసిక వైద్యశాఖలో పనిచేసెను. ఆయనను చూచినవారెవ్వరును ముభావి యనుకొనియుండరు. ఉపన్యాసము లిచ్చెడివాడు, గ్రంథములు వ్రాసెడివాడు, క్షణము ఊరకుండనివాడు. కాని నోరు మూసికొనుటయొక్కటే తలుపు వేసికొను విధము కాదు. తీరిక లేకుండ పనిచేయుటయు ఒక విధమే. ఉండియుండి ఆయనకు కారణము తెలియని నీరసము ఆవహించి, లేవనీయకుండ చేసెడిది. ఇరువదియారవ యేట ఒకమారు, 1938లో మరియొకమారు అట్లయ్యెను. లెక్క చూచుకొనగా ఆ రెండు మారులును తోబుట్టువువంటి మిత్రుడు తన్ను విడిచి పోయిన తరువాతనే యని తేలెను.

ఆయనకు మూడున్నర యేండ్ల ప్రాయమున పెర్సీయను తమ్ముడు మరణించెను. తల్లి యొడిలో ప్రాణము లేక దిసమొలతో పడియున్న ఆ పసివానిని చూచి హ్యారీ పరుగున వచ్చి గట్టిగా పట్టుకొని, విడువవద్దని, విడిచినచో మరల దొరకడని తల్లితో మొరపెట్టుకొనెనట. వెంటనే తానును జబ్బుపడెను. బ్రదుకడనుకొని తల్లి తోబుట్టువు ఇంటికి పంపగా అక్కడ కోలుకొనెను. ఇదంతయు తల్లి చెప్పగా విన్నదే. ఆయనకు మాత్రము ఇందులో ఒక్క ముక్కయు జ్ఞాపకము లేదు. ఆ మరపును తొలగించుకొనుటకే ఆయన ఫెయిర్‌బెర్న్ నొద్దకు వెళ్ళెను.

1950–60 నడుమ లీడ్సునుండి ఎడింబరో నగరమునకు ప్రయాణములు చేయుచు ఆయన వేయికి పైగా సమావేశములు జరుపుకొనెను. ప్రతి సమావేశమునకును వివరముగా వ్రాసియుంచుకొనెను. ఫెయిర్‌బెర్న్ పెద్ద మేజా వెనుక కూర్చుండి, శాస్త్రప్రకారము అర్థములు చెప్పెడివాడు. తమ్ముడు పోయిన పిమ్మట తల్లితో తాను పడిన పోరాటములు, ఆమె కొట్టిన దెబ్బలు, తన పంతములు, అన్నియు బయటపడెను. తమ్ముని మరణము మాత్రము బయటపడలేదు. అంతలో 1957లో గంట్రిప్ పాతమిత్రుడొకడు హఠాత్తుగా మరణించెను. ఫెయిర్‌బెర్న్ కూడ తీవ్రముగ జబ్బుపడి ఆరునెలలు చికిత్స మానెను. తిరిగివచ్చిన తరువాత ఆయన గ్రహించి చెప్పిన సంగతి యిది: ఈ రోగికి తానిప్పుడు తండ్రియు కాడు, తల్లియు కాడు, చనిపోవుచున్న తమ్ముడు. ఈ వైద్యుడును మధ్యలో కన్నుమూసినచో తన గతియేమని గంట్రిప్ భయపడెను. మెల్లమెల్లగా చికిత్సను తగ్గించుకొని ముగించెను.

కడపటిదినమున వెళ్ళబోవుచు, ఇన్నేండ్లలో ఒక్కసారియు తాము చేయి కలుపుకొనలేదని గంట్రిప్‌కు తట్టెను. చేయి చాచెను. ఫెయిర్‌బెర్న్ ఆ చేయి పట్టుకొనెను. ఆయన చెంపలపై కన్నీటిచుక్కలు జారుట గంట్రిప్ చూచెను. ప్రేమకు భయపడువారిని గూర్చి లోకమునకు బోధించిన ఆ వైద్యుడు తానును అట్టి సిగ్గరియే! ఆ కన్నీరు ముందే కనబడియున్నచో ఆ వేయి సమావేశములు మరియొక రీతిగా నడచియుండెడివేమో యని నాకు తోచును. శాస్త్రజ్ఞులు ఒప్పుకొందురో లేదో!

రెండవ వైద్యుడు వినికాట్ (1896–1971). ఆయన మొదట పిల్లల వైద్యుడు. లండనులోని పాడింగ్టన్ గ్రీన్ పిల్లల ఆస్పత్రిలో దాదాపు నలువది సంవత్సరములు పనిచేసి, వేలకొలది తల్లులను బిడ్డలను చూచినవాడు. తల్లి మనస్సు తనపై లేదని గ్రహించిన బిడ్డ, ఆమెకు నచ్చినట్లు మెలగు నొక పైవేషమును తాల్చుననియు, తన నిజమైన ప్రాణమును దానివెనుక దాచిపెట్టుననియు ఆయన చెప్పెను. దాగుడుమూతలాడు పిల్లవానికి దాగుట ఆనందమే. ఎవ్వరును వెదుకరానిచో అది శోకమగును. మా వారు ఉపాధ్యాయులు. తరగతిలో అల్లరి చేయక, ప్రశ్న అడుగక, ఎప్పుడును కూర్చున్నచోటనే కూర్చుండు పిల్లవానిని అందరును బుద్ధిమంతుడందురు గాని, తమకు మాత్రము ఆ పిల్లవానిని గూర్చియే దిగులని వారు నాతో పలుమారులు చెప్పియున్నారు.

1962 మొదలు ఆరు సంవత్సరములు, మొత్తము దాదాపు నూటయేబది సమావేశములలో గంట్రిప్ వినికాట్‌ను చూచెను. ఇక్కడ మేజా అడ్డము లేదు. ఆడంబరము లేని చిన్న గది. నవ్వుమొగముతో ఎదురువచ్చు వైద్యుడు. మొదటి దినములలోనే వినికాట్, తనకింకను చెప్పదగినదేదియు తోచలేదనియు, ఐనను తాను పలుకకున్నచో తానక్కడ లేనట్లు రోగికి తోచునేమో యనియు చెప్పెను. ఎంత స్వల్పమైన మాట! గంట్రిప్ ఎడతెగక మాటాడుట, ఎడతెగక పనిచేయుట దేనికో ఆ వైద్యునకు తెలిసెను. ఆగినచో తాను లేకుండ పోవుదునని ఆతని భయము. తల్లి చూడని బిడ్డ తానున్నానని తనకు తానే ఋజువు చేసికొనుచుండెను. ఇక్కడ ఆగవచ్చును, ఊరకుండవచ్చును, ఐనను ఒకరు తన్ను మరువరు అని ఆయన నేర్చుకొనెను. ముభావుల చికిత్సలో గట్టిపట్టు అంతయు ఇందే యున్నది. తలుపు బద్దలుకొట్టరాదు, తలుపు ముందునుండి వెళ్ళిపోనురాదు. ఇంకొకటియు చెప్పవలెను. గంట్రిప్ తనకు పుచ్చుకొనుటయే గాక ఇచ్చుటయు తెలియుననియు, ఆయన రాక తనకును మేలు చేయుచున్నదనియు వినికాట్ చెప్పెను. తన ప్రేమ విషమని నమ్మినవానికి ఇంతకంటె వేరు మందు కావలెనా?

1971 జనవరిలో వినికాట్ మరణించెను. మరల ఒక తమ్ముడు పోయినట్లే. వెనుకటివలె గంట్రిప్ మంచమెక్కవలసినది. కాని ఈమారు నీరసము రాలేదు, కలలు వచ్చెను. మొదటి కలలో తల్లి నల్లని బొమ్మవలె చలనము లేక శూన్యమును చూచుచుండెను. ప్రక్కన నిలిచిన తన్ను చూడనేలేదు. ఆపై రాత్రివెంట రాత్రి, తాను నివసించిన ఇండ్లన్నియు వెనుకకు వెనుకకు కనబడసాగెను. ఒక కలలో తాను మూడేండ్లవాడై ఏడాదిబిడ్డ తమ్ముడున్న త్రోపుడుబండిని పట్టుకొని, తల్లి తమవంక చూచునేమో యని ఆమె మొగము వైపు చూచుచుండెను. తుదికి వచ్చిన కలలో, మొగము లేని, చేతులు లేని, రొమ్ములు లేని యొక స్త్రీ. ఆమె యొడిలో పెర్సీ. ఆ పసివాని పెదవుల కొనలు దిగులుతో వంగియుండెను. వానిని నవ్వించుటకై హ్యారీ పాటుపడుచుండెను.

డెబ్బదియవ యేట ఆయనకు తన తమ్ముడు ఈవిధముగా మరల దొరకెను. తనకు వ్యాధి వచ్చినది తమ్ముడు పోవుటవలన మాత్రమే కాదనియు, అంతకు ముందునుండియు తల్లి యుండియు లేకపోవుటవలన ననియు ఆయన గ్రహించెను. ఈ కథనంతయు ఒక వ్యాసముగా వ్రాయగా అది 1975లో ప్రకటింపబడెను. ఆ యేడే ఆయన గతించెను.

ఇది చదివి ఆ తల్లిని నిందింపబోవు సోదరీమణులు ఒక్కక్షణము ఆగవలెను. ఆమె కథను కొడుకే వ్రాసినాడు. ఆమె పదునొకండుగురు సంతానములో పెద్దకూతురు. తల్లి ఇల్లు పట్టించుకొనని మనిషి యగుటచే బడికి పోవు ప్రాయముననే ఇంటి భారమంతయు ఆమెపై పడెను. నలుగురు తోబుట్టువులు పోవుట కన్నులార చూచెను. పండ్రెండవ యేట దుఃఖము భరింపలేక ఇల్లు విడిచి పారిపోగా పట్టి తెచ్చిరి. ఇంతమందిని సాకిన ఆమెకు తన బిడ్డలు పుట్టునాటికి సాకు మనస్సు మిగులలేదు. వార్ధక్యమున కొడుకు కోడలి యొద్ద నివసించుచు, తాను పెండ్లి చేసికొనకుండ వర్తకముననే యుండవలసినదని తానే అనెడిదట. తాను ఆడుకొనవలసిన ప్రాయమున చంక నొక బిడ్డను ఎత్తుకొని, పొయ్యివద్ద మరియొక బిడ్డను అదలించుచుండు పెద్దకూతుండ్రు మన యూళ్ళలో తక్కువా? వారికి ఓపికగల పిల్ల యని మంచిపేరు వచ్చును. ఆ ఓపిక ఎక్కడినుండి వచ్చుచున్నదో, ఎంతకాలము వచ్చునో ఎవ్వరును అడుగరు.

ఈ విద్వాంసులు చేసిన యొక పెద్ద తప్పు ఇక్కడనే చెప్పవలసియున్నది. ఒక్కొక్క రోగి కథలో నిజమైనదానిని అందరికిని అంటగట్టి, బిడ్డ యే విధముగా లోకమునకు దూరమైనను తల్లిదే దోషమని కొందరు కొంతకాలము ప్రకటించిరి. ఆటిజమను స్థితిలో పుట్టిన పిల్లల తల్లులను మంచుపెట్టెలతో పోల్చి అవమానించిరి. 1964లో రిమ్లాండ్ అను శాస్త్రజ్ఞుడు, తాను అట్టి బిడ్డకు తండ్రియై, అది మెదడు పెరుగుదలకు సంబంధించిన విషయమే గాని తల్లి ప్రేమలోపము కాదని గ్రంథమునందు నిరూపించెను. ఇప్పుడు వైద్యులందరును ఒప్పుకొన్న మాట అదియే. అటులనే, ఎవరివో మాటలు చెవిలో వినబడుట, ఎవరో చంపవచ్చుచున్నారని భయపడుట వంటి లక్షణములతో ముడుచుకొనిపోవు రోగులకు మాటల చికిత్స యొక్కటి చాలదు. 1952 మొదలు వాడుకలోనికి వచ్చిన మందులు వారికి ముఖ్యము. గంట్రిప్ కథ వారి కథ కాదు.

మరియు మితభాషిత్వము రోగము కాదు. తక్కువ మాటాడుచు, ఇష్టమైనవారితో హాయిగా నుండువారికి ఏ చికిత్సయు అక్కరలేదు. వెనుక చక్కగా నుండి ఇప్పుడు మాట తగ్గినవారు, తిండి నిద్ర చెడినవారు, ఇష్టమైన పనులును విడిచినవారు, బ్రదుకెందులకని ఒకమారైనను నోటివెంట పలికినవారు మాత్రము ఉపేక్షింపదగినవారు కారు. కాన్పు తరువాత బిడ్డను ఎత్తుకొనుటకు సైతము మనస్సు పుట్టక గోడవైపు తిరిగి పరుండు బాలింతరాలిని మన ముసలమ్మలు సోమరి యనియో గాలి సోకినదనియో అందురు. అదియు చికిత్సకు లొంగు జబ్బే. ఆమెను తిట్టుటవలన తల్లికిని బిడ్డకును చేటు. ఇట్టి వేళల జిల్లా ఆస్పత్రిలోని మానసిక వైద్యుని చూడవచ్చును. వెళ్ళుటకు వీలులేనివారికై భారతప్రభుత్వము 2022 అక్టోబరులో టెలి మానస్ అను ఉచిత దూరవాణి సహాయమును నెలకొల్పినది; తెలుగున కూడ మాటాడవచ్చును. ఆ సంఖ్య 14416. ఫోను చేసినవారు రోగియే కానక్కరలేదు; తల్లియో, వదినయో, కోడలో ఎవ్వరైనను తమకు తోచిన సంగతి చెప్పి, ఏమి చేయవలెనో అడుగవచ్చును.